ట్యాంకు లేని గీజర్‌తో కొన్నేళ్లు: చిక్కంతా నీటి ధారలోనే

చిన్న ఇంటికి గీజర్ కొనేటప్పుడు అందరూ కిలోవాట్లు అడుగుతారు, వారంటీ అడుగుతారు, గోడ మీద ఎంత చోటు కావాలో కొలుచుకుంటారు. నిమిషానికి ఎన్ని లీటర్ల నీళ్లు పారితే అది పని మొదలుపెడుతుందో మాత్రం అడగరు. అమ్మేవాళ్లూ చెప్పరు. పెట్టె మీద ఎక్కడో చిన్న అక్షరాల్లో ఉంటుంది, కొన్నిటి మీద అదీ ఉండదు. మేం కొన్నేళ్లుగా వాడుతున్న ట్యాంకు లేని ఇన్‌స్టంట్ గీజర్ మీద నాకున్న కోపమంతా ఆ ఒక్క అంకె దగ్గరే ఉంది. మిగతా విషయాల్లో దానికి పెద్దగా వంక పెట్టను.

మాది 5.5 కిలోవాట్లది. లోపల ఒక ఫ్లో స్విచ్ ఉంటుంది. నీళ్లు నిమిషానికి 2.5 లీటర్లకు తగ్గకుండా పారుతుంటేనే అది నీళ్లు కాచే కాయిల్‌కు కరెంటు వదులుతుంది. ధార అంతకంటే సన్నబడితే కరెంటు ఆపేస్తుంది. అలాంటి స్విచ్ ఉండి తీరాలి. లేకపోతే కాయిల్ చుట్టూ నిలిచిన కాసిని నీళ్లు క్షణాల్లో మరిగిపోతాయి. కాబట్టి స్విచ్ ఉండటం మీద నాకు పేచీ లేదు, అది తెగే చోటు మీదే నా పేచీ.

ట్యాంకు లేని గీజర్‌లో వేడి ఎంతో తేల్చేది ధారే. ఒక కిలోవాట్ కరెంటు, నిమిషానికి ఒక లీటరు చొప్పున పారే నీటి వేడిని దాదాపు 14 డిగ్రీలు పెంచుతుంది. ఏ కంపెనీ గీజర్‌కైనా ఈ లెక్క ఒకటే. ఆ లెక్కన మా గీజర్, ధార 4 లీటర్లుంటే సుమారు 20 డిగ్రీలు పెంచుతుంది, 3 లీటర్లకు తగ్గిస్తే 26. ఎండాకాలంలో పైకప్పు మీది ట్యాంకులో నీళ్లే 28 డిగ్రీలు ఉంటాయి. మరో పది డిగ్రీలు పెరిగితే చాలు, సగం పవర్ మీట వేసి కుళాయి పూర్తిగా తిప్పుకుంటే హాయిగా స్నానం అయిపోతుంది. చలికాలంలో అవే నీళ్లు 15 డిగ్రీలకు దిగుతాయి. వాటిని 39కి తేవాలంటే 24 డిగ్రీలు పెరగాలి, ధార 3.3 లీటర్లకు మించకూడదు. మించితే గోరువెచ్చగా వస్తాయి. 2.5 కంటే తగ్గితే చన్నీళ్లే. చలికాలమంతా మా స్నానాలు ఈ రెండు అంకెల మధ్య ఉన్న ఇరుకులో జరగాలి.

లీటరు సీసా పట్టుకుని చూస్తే ఆ ఇరుకు ఎంతో కళ్లకు కడుతుంది. సీసా 18 సెకన్లలో నిండితే కావలసిన వేడి వచ్చినట్టు. అదే సీసాకు 24 సెకన్లు పడితే స్విచ్ తెగే గీతకు చేరినట్టు. ఉన్నది ఆరు సెకన్ల తేడా. కుళాయి పిడిని వెంట్రుకవాసి అటూ ఇటూ కదిపినా అది దాటిపోతుంది.

దానికి వోల్టేజీ తోడవుతుంది. వోల్టేజీ 230 నుంచి 200కు పడిపోతే తగ్గింది 13 శాతమే అనిపిస్తుంది, కానీ కాయిల్ ఇచ్చే వేడి 24 శాతం పడిపోతుంది. 5.5 కిలోవాట్ల గీజర్ కాస్తా 4.2 కిలోవాట్లదవుతుంది. చుట్టుపక్కల ఇళ్లన్నీ గీజర్లు వేసే చలి ఉదయాల్లోనే వోల్టేజీ దిగేది కూడా. ఆ పూట 24 డిగ్రీలు పెరగాలంటే ధారను సరిగ్గా 2.5 లీటర్లకు తేవాలి. స్విచ్ తెగేదీ అక్కడే. ఉన్న ఆ కాస్త సందూ మూసుకుపోతుంది. కొనేటప్పుడు ఈ లెక్క ఒక్కరైనా చెప్పి ఉంటే, 2 లీటర్లకే పనిచేసే స్విచ్ ఉన్న గీజర్ కోసం వెతికేవాణ్ని.

ఇంత ఇరుకులోనూ మొదటి చలికాలాలు సర్దుకుపోయాం. కుళాయి పిడి ఎక్కడ ఆగాలో చేతికి అలవాటైంది. పైకప్పు మీది ట్యాంకు కడిగించిన తర్వాత అసలు బాధ మొదలైంది. ముందు ఏదో ఒక్క క్షణం చల్లబడి మళ్లీ వేడెక్కేది. తర్వాత్తర్వాత అర నిమిషం వేడి, అర నిమిషం చలి. ఒళ్లంతా సబ్బు ఉండగా గీజర్ లోపల ‘టిక్’ మని చప్పుడవుతుంది, ముందున్న ఎర్రదీపం ఆరిపోతుంది, చన్నీళ్లు నెత్తిన పడతాయి. పక్కకు జరిగి కుళాయిని ఇంకాస్త తిప్పితే మళ్లీ టిక్, మళ్లీ దీపం. కొన్నాళ్లకు కుళాయి పూర్తిగా తిప్పినా దీపం వెలగడం మానేసింది.

కంపెనీ తరఫున ఒకాయన వచ్చాడు. మూత తీసి, లోపలి బోర్డును కాసేపు చూసి, “బోర్డు పోయిందండి, మార్చాలి. ఈ మోడల్‌లో బోర్డులే పోతుంటాయి” అన్నాడు. నీళ్లు తిప్పి చూడలేదు, మీటర్ పెట్టి చూడలేదు. బోర్డు తెప్పించడానికి వారం పడుతుందని చెప్పి వెళ్లాడు. కాయిల్‌కు ఉన్నంత వారంటీ బోర్డుకు లేదు. ఆ ఖర్చు మాదే.

ఆ వారంలోనే మా ఇంటికి వైరింగ్ చేసిన పెద్దాయన వేరే పని మీద వచ్చాడు. సంగతి వినగానే, “ముందు నీళ్ల సంగతి చూద్దాం బాబూ, కరెంటు ఎక్కడికీ పోదు” అన్నాడు. అయినా ముందు జాగ్రత్తగా ఎంసీబీ (గీజర్‌కు కరెంటు ఆపే మీట) దించి, కాయిల్ రెండు కొసలకూ మీటర్ తగిలించాడు. 9.6 ఓమ్‌లు చూపించింది. 5.5 కిలోవాట్ల కాయిల్‌కు 230 వోల్టుల దగ్గర ఉండవలసింది అంతే. కాయిల్‌కు ఏమీ కాలేదు. తర్వాత లీటరు సీసా అడిగాడు. గీజర్ కుళాయి పూర్తిగా తిప్పి పట్టాడు. సీసా నిండటానికి అర నిమిషానికి దగ్గరగా పట్టింది. అదే సీసాను వాష్‌బేసిన్ కుళాయి కింద పెడితే దాదాపు పది సెకన్లలో నిండింది. “పైపులో ధార ఉంది, పెట్టెలోకి పోవడం లేదు. గొంతు దగ్గర ఏదో అడ్డుపడింది” అన్నాడు.

గీజర్ కింద యాంగిల్ కాక్ లేదు. నీళ్లు ఆపడానికి పైకి వెళ్లి ట్యాంకు వాల్వు కట్టేయాల్సి వచ్చింది. ఆయన నీళ్లు లోపలికి వెళ్లే పైపు నట్టు విప్పి, సన్నమూతి పట్టకారుతో లోపలి నుంచి ఒక చిన్న జాలీని బయటికి లాగాడు. వేలిగోరంత ఉంది. దాని కన్నాలకు అడ్డంగా తెల్లటి దారం లాంటిది చుట్టుకుపోయి ఉంది. పిండితే అది దారం కాదు, పైపుల మరల మీద చుట్టే టెఫ్లాన్ టేపు పీలిక. బిగించిన రోజునే లోపల పడి, అక్కడే ఉండిపోయింది. ట్యాంకు కడిగినప్పుడు లేచిన ఒండ్రంతా వచ్చి దాన్ని పట్టుకుంది. ఎర్రమట్టి రంగు ముద్ద, వేలితో నొక్కితే ఇసుకలా గరగరలాడింది. పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, కడిగి, వెలుతురుకు ఎత్తి చూపించాడు. కన్నాలన్నీ మెరిశాయి. తిరిగి బిగించాక సీసా 14 సెకన్లలో నిండింది. ఎంసీబీ ఎత్తగానే దీపం వెలిగింది. కుళాయిని మెల్లగా తగ్గిస్తూ పోతే 18 సెకన్ల దాకా, ఇంకా అవతలికి కూడా ఆరలేదు. ఆ రోజు నాకు కలిగిన సంతోషం గీజర్ కొన్న రోజున కూడా కలగలేదు.

ఆ సంతోషం వెనకే కోపమూ వచ్చింది. జాలీ సంగతి వాడకందారుకు ఇచ్చిన పుస్తకంలో లేదు. నెలకోసారి బయటి దుమ్ము తుడవమని రాసినవాళ్లు, జాలీ కడగమని ఒక్క వాక్యం రాయలేకపోయారు. బోర్డు మార్పించి ఉంటే డబ్బు పోయేది, చన్నీళ్లు మాత్రం అలాగే వచ్చేవి.

ధారను దెబ్బతీసేవి ఇంట్లో ఇంకా ఉన్నాయి. మా ట్యాంకు స్నానాలగదికి సరిగ్గా పైనే ఉంది. ట్యాంకు పది మీటర్ల ఎత్తున ఉంటేనే ఒక బార్ ఒత్తిడి వస్తుంది, మాకున్న ఎత్తు రెండు మూడు మీటర్లే. లోపల ఎవరైనా వంటింటి కుళాయి తిప్పితే ఇక్కడ దీపం ఆరుతుంది. నీళ్లు ఆదా చేసే షవర్లు మంచివని బిగించుకుంటారు, అవి ధారను సన్నం చేసి గీజర్‌ను అసలు వెలగనివ్వవు. ఎండాకాలంలో మీట పూర్తి పవర్‌లో వదిలేసి, వేడి ఎక్కువైందని చన్నీళ్ల కుళాయి కలిపితే ఒత్తిడి రెండు వైపులకూ పంచుకుంటుంది. గీజర్‌లోంచి వెళ్లే ధార తగ్గి, ముందు నీళ్లు ఇంకా కాగుతాయి, ఆ తర్వాత స్విచ్ తెగుతుంది. 28 డిగ్రీల నీళ్లు 2.5 లీటర్ల ధారలో పూర్తి పవర్ మీద వెళ్తే 59 డిగ్రీలకు చేరతాయి. అది చర్మం కాలే వేడి. పిల్లలున్న ఇంట్లో ఈ మాట మరచిపోవద్దు.

కొన్న కొత్తలో దీన్ని అందరి దగ్గరా పొగిడాను. ఎదురుచూపు లేదని అన్నాను. లేదు నిజమే, గీజర్ కుళాయికి దగ్గరగా ఉన్నంత వరకు. పైపులో నిలిచిన చన్నీళ్లు పోయేదాకా ఆగక తప్పదు, మా వంటింటి దాకా లాగిన పైపులో ఆ వృథా బాగానే ఉంది. కరెంటు ఆదా అని కూడా అన్నాను. 20 లీటర్ల నీటిని 25 డిగ్రీలు పెంచడానికి ఏ గీజర్‌కైనా 0.58 యూనిట్ పడుతుంది. దీనివల్ల మిగిలేది, ట్యాంకు గీజర్‌లో కాచిన నీళ్లు ఊరికే నిలవుండి చల్లారిపోయే భాగం ఒక్కటే. వాడే ముందు వేసి, అవసరం తీరగానే ఆపేసే ఇంట్లో ఆ మిగులు కొద్దిపాటిదే.

వైరింగ్ మాటకొస్తే, 5.5 కిలోవాట్లంటే 24 ఆంపియర్లు. 16 ఆంపియర్ల ప్లగ్గుకు తగిలించే వస్తువు కాదు. మీటర్ దగ్గర నుంచి విడిగా తగినంత మందం వైరు, విడి ఎంసీబీ, సరైన ఎర్తింగ్, కరెంటు లీకైతే సరఫరా తెంచేసే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ. ఇందులో ఒక్కటి తగ్గించమన్నా ఒప్పుకోవద్దు. ఇంటి కనెక్షన్ అంత లోడు మోయలేకపోతే ఈ రకం ఆలోచన అక్కడితో వదిలేయడమే మంచిది.

ఇప్పుడు గీజర్ కింద యాంగిల్ కాక్ పెట్టించాను. ట్యాంకు కడిగించిన ప్రతిసారీ జాలీ తీసి కడుగుతున్నాను, టీ కాచుకునేంత సేపు పట్టదు. ఆ తర్వాత స్నానం మధ్యలో తెగడం లేదు, వోల్టేజీ బాగా పడిన ఉదయాలు తప్ప. అలాంటి పూట ముందే బకెట్ నింపుకుంటాం. బకెట్‌లో పడే నీళ్లు కాస్త గోరువెచ్చగా ఉన్నా మాకు సరిపోతుంది.

ఇంట్లో ఉండేది ఇద్దరం. ఉన్నది ఒకటే స్నానాలగది, దాంట్లో పెద్ద ట్యాంకు గీజర్‌కు చోటు లేదు. మా కనెక్షన్ లోడు మోస్తుంది. ఈ పరిస్థితిలో ఇది పాడయ్యేదాకా మార్చను. ముసలివాళ్లో పసిపిల్లలో ఉండి, చలి ఎక్కువగా ఉండే చోటైతే చిన్న ట్యాంకు గీజరే తీసుకునేవాణ్ని, వేడి ధారను బట్టి మారకుండా ఉంటుంది కాబట్టి. ఇదే రకం కొనాలని ఉంటే మాత్రం, దుకాణానికి వెళ్లే ముందు బాగా చలిగా ఉన్న ఉదయం లీటరు సీసా నిండటానికి ఎన్ని సెకన్లు పడుతుందో స్నానాలగదిలోనే చూసుకోండి. 60ని ఆ సెకన్లతో భాగిస్తే మీ ధార తెలుస్తుంది. గీజర్ అడిగే కనీస ధార దానికి సగం ఉంటే నిశ్చింతగా కొనవచ్చు. దాదాపు సమానంగా ఉంటే, ఎంత తగ్గింపు ధరకు ఇస్తామన్నా నేనైతే తీసుకోను.