లెక్క చూపించి అమ్మే పంచాంగాల కొట్టు: బరంపురం

ఒడిశాలోని బరంపురంలో తెలుగు పంచాంగం కొనడం విజయవాడలో కొన్నంత తేలికైన పని కాదు. ఇక్కడి తెలుగు ఇళ్లలో చాలావాటికి రెండు పంచాంగాలు కావాలి: ఉగాదికి తెచ్చుకునేది ఒకటి, ఒడియా వారి కొత్త సంవత్సరమైన పణా సంక్రాంతికి మార్చుకునే ఒడియా పాంజి మరొకటి. మనది అమావాస్యతో ముగిసే అమాంత మాసం. ఒడియా వారి వ్రతాలకు పూర్ణిమతో ముగిసే పూర్ణిమాంత మాసం. అందుచేత ఆశ్వయుజ పూర్ణిమ మరునాటి నుంచే పొరుగింట్లో కార్తీక నియమం మొదలవుతుంది, మన ఇంట్లో దీపావళి వెళ్లాక గాని మొదలు కాదు. కార్తీక పూర్ణిమ మరునాడు వారు ఛాడఖాయి అని చేపలూ మాంసమూ వండుకునే వేళకు మనకింకా పక్షం రోజుల కార్తీకం మిగిలి ఉంటుంది. వియ్యాలందుకున్న కుటుంబాల్లో ఈ రెండు లెక్కలూ ఒకే వంటింట్లో నడుస్తాయి. ఇలాంటి ఊళ్లో పంచాంగం అమ్మేవాడు పుస్తకం చేతికిచ్చి డబ్బు తీసుకుంటే సరిపోదు, అడిగినవాటికి జవాబు కూడా చెప్పగలగాలి.

పెద్దబజారుకు దగ్గరలో, పట్టుచీరల దుకాణాల వెనక సందులో ఉన్న ఈ కొట్టు ఆ పని చేస్తోంది. యజమాని కోరిక మేరకు పేరు రాయడం లేదు. పంచాంగాల కొట్టు అంటే ఆ వీధిలో ఎవరైనా చూపిస్తారు. పూజాసామగ్రి, దర్భలు, జంధ్యాలు కూడా ఉన్నాయి గాని, అవి ఏ కొట్టులోనైనా దొరికేవే కాబట్టి వాటి గురించి చెప్పవలసింది లేదు. నేను రాయదలచుకున్నది పంచాంగాల గురించి, వాటితో పాటు ఆ పెద్దాయన ఇచ్చే వివరణ గురించి.

పంచాంగం అడిగిన ప్రతివారినీ ఆయన మొదట అడిగేది, "పూర్వపద్ధతా బాబూ, దృక్కా?" అని. చాలామందికి ఈ తేడా తెలియదు. తెలియనివారికి తనకు ఎక్కువ లాభం వచ్చేది అంటగట్టకుండా, కుర్చీ చూపించి కూర్చోబెట్టి వివరిస్తారు. సూర్యుడికీ చంద్రుడికీ మధ్య దూరం పన్నెండు డిగ్రీలు పెరిగితే ఒక తిథి. ఆ దూరాన్ని ప్రాచీన సిద్ధాంత గ్రంథాల సూత్రాలతోనే లెక్కగడితే పూర్వపద్ధతి. నేడు ఆకాశంలో కనబడే స్థానాలకు సరిపోయేలా సవరించి లెక్కగడితే దృగ్గణితం. పూర్వపద్ధతివారు తిథికి "బాణవృద్ధి, రసక్షయం" అంటారు. అంటే అరవై ఘడియల మీద (ఘడియ అంటే 24 నిమిషాలు) ఎక్కువలో ఎక్కువ ఐదు ఘడియలు పెరగవచ్చు, ఆరు ఘడియలు తరగవచ్చు. దృగ్గణితంలో ఆ హద్దులు ఏడుకూ పదికీ చేరతాయి. కారణం చంద్రుడి నడకలో ఉంది. పాత సూత్రాలు చంద్రగతికి ఒక్క ప్రధాన సవరణనే చేర్చాయి, మిగిలినవాటిని వదిలేశాయి. అమావాస్యకూ పూర్ణిమకూ ఆ ఒక్క సవరణ దాదాపు సరిపోతుంది. అష్టమి ప్రాంతంలో సరిపోదు, అక్కడ తిథి గంటల కొద్దీ తేడా వస్తుంది.

ఇందులో నన్ను బాగా ఆలోచింపజేసిన సంగతి ఒకటుంది. గ్రహణాలు అమావాస్యకూ పూర్ణిమకూ మాత్రమే వస్తాయి. పదిమంది కళ్లముందు పరీక్షకు నిలిచిన చోట పాత లెక్క సరిగా ఉంది. ఎవరూ చూసి సరిపోల్చుకోలేని అష్టమి దగ్గర తప్పు నిలిచిపోయింది. "ప్రత్యక్షం జ్యోతిషం శాస్త్రం చంద్రార్కౌ యత్ర సాక్షిణౌ" అన్న పాత శ్లోకాన్ని ఈ కొట్టులో బల్ల వెనక గోడకు రాసి అంటించారు. సూర్యచంద్రులే సాక్షులుగా ఉన్న శాస్త్రం అని దాని భావం. పూర్వపద్ధతి పాటించే సిద్ధాంతులు సైతం గ్రహణకాలాలను మాత్రం దృగ్గణితం నుంచే తీసుకోవడం ఇప్పుడు మామూలైంది, ఎందుకంటే ఆ సాక్షుల ఎదుట తప్పు చెప్పడం ఎవరికీ సాధ్యం కాదు.

కొట్టులో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచింది పంచాంగం మధ్యలో పెట్టి ఇచ్చే చిన్న కాగితం. మన తెలుగు పంచాంగాలు ఎక్కువగా హైదరాబాదు, విజయవాడ, రాజమహేంద్రవరం వంటి ఊళ్ల సూర్యోదయానికి కట్టినవి. బరంపురం హైదరాబాదుకు ఆరు డిగ్రీలకు పైగా తూర్పున ఉంది, కాస్త ఉత్తరాన కూడా ఉంది. అందువల్ల ఇక్కడ సూర్యుడు జూన్‌లో అరగంటకు కొంచెం తక్కువగా, డిసెంబరులో ఇరవై రెండు నిమిషాల దాకా ముందే ఉదయిస్తాడు. సూర్యోదయానికి ఉన్న తిథినే ఆ రోజు తిథిగా తీసుకుంటారు. జూన్ మధ్యలో ఒకనాడు ఏకాదశి తెల్లవారి 5:30కి ముగిసిందనుకుందాం. బరంపురంలో సూర్యోదయం సుమారు 5:12కి, కాబట్టి ఉదయానికి ఏకాదశి ఉంది. హైదరాబాదులో సూర్యోదయం సుమారు 5:41కి, అప్పటికి ద్వాదశి వచ్చేసింది. ఆకాశంలో జరిగింది ఒక్కటే, తిథి ముగిసిన క్షణమూ ఒక్కటే, ఉదయతిథి మాత్రం ఊరిని బట్టి మారింది. ఈ సంగతి తెలియక, హైదరాబాదులో ఉన్న కూతురూ ఇక్కడి తల్లీ వేర్వేరు రోజుల్లో ఉపవాసం ఉండి, ఎవరో ఒకరిది తప్పని బాధపడే ఇళ్లు నాకు తెలుసు. ఆ కాగితం మీద నెలనెలకూ బరంపురం ఉదయాస్తమయాలు, పక్కన సవరణ ఎలా చేసుకోవాలో రెండు వాక్యాలు ఉంటాయి. దానికి విడిగా డబ్బు తీసుకోరు.

భారత ప్రభుత్వం ప్రచురించే రాష్ట్రీయ పంచాంగం తెలుగు ప్రతిని కూడా ఆయన తెప్పించి పెడతారు. దాని వెనక ఉన్న చరిత్ర కొనేవారిలో కొద్దిమందికే తెలుసు. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో దేశంలో ముప్పై రకాల పంచాంగాలు వాడుకలో ఉండేవి. వాటిని పరిశీలించడానికి 1952లో భౌతిక శాస్త్రవేత్త మేఘనాద్ సాహా అధ్యక్షతన ఒక సంఘాన్ని వేశారు. 1955లో నివేదిక వచ్చింది. 1957 మార్చి 22 నుంచి, అంటే శకం 1879 చైత్రం 1 నుంచి, జాతీయ పంచాంగం అమలులోకి వచ్చింది. ఇప్పుడు దాన్ని లెక్కగట్టేది కోల్‌కతాలోని పొజిషనల్ ఆస్ట్రానమీ సెంటర్. అది భారత వాతావరణ శాఖలో భాగం. తుఫాను హెచ్చరిక ఇచ్చే శాఖే తిథి, నక్షత్రాలను కూడా గణించి పండుగల తేదీలు ప్రకటిస్తుందని చెబితే చాలామంది నమ్మరు. మతం ఒక ఒడ్డున, విజ్ఞానం మరో ఒడ్డున ఉంటాయని అలవాటుగా చెప్పుకునే మనకు ఈ పుస్తకం ఒక్కటే మంచి సమాధానం. భక్తుడికి కావలసిన తిథిని శాస్త్రజ్ఞుడు ఇస్తాడు. ఆ తిథినాడు ఉపవాసం ఉండాలా వద్దా అన్నది భక్తుడి ఇష్టం. ఒకరి పని ఒకరు లాక్కోలేదు.

ఈ నేల మీద ఆ సంప్రదాయానికి నిలువెత్తు ఉదాహరణ ఖగోళజ్ఞుడు సామంత చంద్రశేఖరుడు. 1835లో ఖండపడాలో పుట్టి, 1904లో పూరీలో కన్నుమూశారు. ఒడియా వారు పఠాణి సామంత అంటారు. దూరదర్శిని లేకుండా, వెదురు గొట్టాలతోనూ కర్రలతోనూ తానే చేసుకున్న పరికరాలతో, ఏళ్ల తరబడి రాత్రులు మేలుకొని గ్రహాలను కొలిచారు. చంద్రగతికి పాత గ్రంథాల్లో లేని సవరణలను తుంగాంతరం, పాక్షికం, దిగంశం అనే పేర్లతో చేర్చారు. ఆయన సిద్ధాంతదర్పణం 1899లో అచ్చయింది. భూమి కదలదనే ఆయన నమ్మారు; గ్రహాలు సూర్యుని చుట్టూ, సూర్యుడు భూమి చుట్టూ తిరుగుతాయని రాశారు. అయినా ఆయన లెక్క ఆకాశంతో సరిపోయింది గనుక పూరీ జగన్నాథుని సేవలకు దాన్నే ప్రమాణంగా తీసుకున్నారు. ఆలయం ఒక గణితజ్ఞుణ్ణి నమ్మింది, కళ్లతో సరిచూసుకున్నాక నమ్మింది. విజ్ఞానం పట్ల జనానికి గౌరవం ఎలా కలుగుతుందని అడిగేవారికి నేను చెప్పగలిగిన ఉదాహరణల్లో ఇంతకన్నా మేలైనది లేదు.

ఆ పద్ధతినే ఈ కొట్టు తన స్థాయిలో పాటిస్తోంది. బల్ల మీద ఒక పొడుగాటి నోటుపుస్తకం ఉంటుంది. ఒక వరుసలో పంచాంగం చెప్పిన గ్రహణకాలం, పక్క వరుసలో ఊళ్లో చూసినవారు గడియారంతో రాసుకున్న కాలం. ఎవరైనా తిరగేయవచ్చు, ఎవరైనా రాయవచ్చు. 2025 సెప్టెంబరు 7 రాత్రి సంపూర్ణ చంద్రగ్రహణం పేజీ నిండా రకరకాల చేతిరాతలున్నాయి: 9:57కి పట్టు, 11 గంటలకు సంపూర్ణం, అర్ధరాత్రి దాటి 1:26కి విడుపు. ఒక సంవత్సరం కాగితంలో ఒక నెల సూర్యోదయాలు తప్పుగా అచ్చయితే, ఆ తప్పును ఇదే పుస్తకంలో ఎర్రసిరాతో రాసి, కొట్టు తలుపుకు నోటీసు కట్టారు. ఆ పేజీ చూశాక నాకు ఆ కాగితం మీద నమ్మకం పెరిగింది.

2022 నవంబరు 8న కార్తీక పూర్ణిమ నాడు చంద్రగ్రహణం వచ్చింది. గ్రహణవేళ తింటే ఏమీ కాదని చూపడానికి హేతువాదులు భువనేశ్వర్‌లో బహిరంగంగా విందు చేయడం, దానిమీద గొడవ జరగడం చాలామందికి గుర్తుండే ఉంటుంది. గ్రహణంవల్ల అన్నం విషం కాదన్నది నిజమే, దాన్ని చెప్పవలసిందే. కాని ఉపవాసం ఉన్న మనిషి ముందు పళ్లెం పెట్టి చెప్పిన నిజం అతనికి నిజంగా వినబడదు, అవమానంగానే వినబడుతుంది. రాళ్లు విసిరినవారి తప్పు దీనివల్ల తగ్గదు. రాయి ఏ వాదానికీ జవాబు కాదు. ఆనాడు ఈ కొట్టు తలుపు మీద ఉన్న కాగితంలో "5:11కి సంపూర్ణత ముగుస్తుంది, 6:19కి పూర్తి విడుపు, చంద్రుణ్ణి కళ్లతో చూస్తే ప్రమాదం లేదు" అని తెలుగులోనూ ఒడియాలోనూ రాసి ఉంది. విడుపు స్నానం చేసేవారూ చూశారు, చేయనివారూ చూశారు.

సూర్యగ్రహణానికి మాత్రం ఆయన చాలా కఠినంగా ఉంటారు. ఐఎస్‌ఓ 12312-2 ప్రమాణం ముద్ర ఉన్న గ్రహణ కళ్లద్దాలే అమ్ముతారు. గీత పడినవాటినీ మడత పడినవాటినీ పక్కన పడేస్తారు. పాత ఎక్స్‌రే ఫిల్ము, మసి పట్టించిన గాజుపలక చాలని వాదించేవారికి, అవి వెలుతురు తగ్గించినా కంటి తెరను కాల్చే కిరణాలను ఆపవని ఓపికగా చెబుతారు. 2022 అక్టోబరు 25న, దీపావళి మరునాడు, సూర్యాస్తమయానికి ముందు కొద్దిసేపు కనబడిన పాక్షిక గ్రహణానికి పిల్లలు ఆ కళ్లద్దాలనే చేతులు మార్చుకుంటూ చూశారు. 1980 ఫిబ్రవరి 16న హైదరాబాదు దగ్గరి జపాల్ రంగాపురం వేధశాలలో శాస్త్రజ్ఞులు సంపూర్ణ సూర్యగ్రహణాన్ని పరిశీలిస్తుంటే, ఊళ్లలో జనం తలుపులు బిగించుకొని కూర్చున్నారని పెద్దలు చెబుతారు. అప్పటికీ ఇప్పటికీ వచ్చిన మార్పులో ఇలాంటి కొట్లకు భాగం ఉందని నేను నమ్ముతున్నాను.

పంచాంగం వెనక పేజీల్లో ఉండే నవనాయక ఫలాలు (ఆ ఏడాదికి రాజు, మంత్రి, మేఘాధిపతి వంటి పదవులు గ్రహాలకు కట్టి చెప్పేవి), ఆదాయవ్యయాలు, వర్షం కొలతగా చెప్పే ఆఢకాల విషయంలో ఆయన మాట ఒక్కటే: "ముందు పేజీలు గణితం, సరిచూసుకోండి. వెనక పేజీలు ఫలం, అది మీ నమ్మకం." అమ్మే వస్తువు గురించి ఇంత నిజాయితీగా చెప్పే వ్యాపారి అరుదు. ఈ తేడా బరంపురం ఉన్న గంజాం జిల్లా వారికి అనుభవంలో తెలిసిందే. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను గోపాలపురం దగ్గర తీరం దాటినప్పుడు, ఆ ఏడాది మేఘాధిపతి ఎవరో చూసుకొని ఎవరూ ఇల్లు వదల్లేదు. వాతావరణ శాఖ హెచ్చరిక విని సుమారు పది లక్షలమంది సురక్షిత ప్రాంతాలకు తరలారు. 1999 పెను తుఫానులో దాదాపు పదివేల ప్రాణాలు పోయిన రాష్ట్రంలో, ఫైలిన్‌కు ఆ నష్టం పదుల సంఖ్యకు తగ్గింది. ఆ నమ్మకం అప్పటికప్పుడు వచ్చినది కాదు. హెచ్చరికలు ఒకటికి పదిసార్లు నిజం కావడం చూశాక వచ్చినది.

మంగళయాన్‌ను పంచాంగం చూసి ప్రయోగించారనే పోస్టర్ ఒకటి ఆ మధ్య ఎవరో తెచ్చి కొట్టులో అంటించమన్నారట. ఆయన ఒప్పుకోలేదని పక్క దుకాణదారు చెప్పారు. మంచి పని చేశారు. 2013 నవంబరు 5న బయలుదేరి 2014 సెప్టెంబరు 24న అంగారక కక్ష్యలో చేరిన ఆ నౌక వెనక ఉన్నది ఇస్రో ఇంజనీర్ల గణితం. ఆ ఘనతను పంచాంగానికి అరువు తెస్తే, లెక్క తెలిసినవాడు పంచాంగంలోని మంచి గణితాన్ని కూడా నమ్మడం మానేస్తాడు.

లోపాలు లేకపోలేదు. కొట్టు మరీ ఇరుకు. ఉగాదికి ముందు వారంలోనూ, పణా సంక్రాంతికి ముందూ ఆ వివరణలు వినే తీరిక ఎవరికీ ఉండదు, నిలబడడానికే చోటుండదు. సవరణ కాగితంలో అక్షరాలు చాలా చిన్నవి, పెద్దవారు చదవలేరు. రాష్ట్రీయ పంచాంగం ప్రతులు తక్కువగా తెప్పిస్తారు, ముందుగా చెప్పి ఉంచాలి. బేరం లేదు, అచ్చువేసిన ధరే. ఆ పెద్దాయన లేని పూట కూర్చునే కుర్రవాడికి పుస్తకాలు ఎక్కడున్నాయో తెలుసు గాని, పద్ధతుల తేడా తెలియదు. కాబట్టి అడగవలసింది ఉంటే ఉదయంపూట వెళ్లండి.

బయటి ఊళ్ల నుంచి వచ్చేవారికి ఒక సూచన. కాగితం బరంపురానికి మాత్రమే కట్టినది. పర్లాకిమిడి వారు దానిలోని సూర్యోదయానికి సుమారు మూడు నిమిషాలు, రాయగడ వారు ఐదారు నిమిషాలు, జయపురం వారు తొమ్మిది నిమిషాలు కలుపుకోవాలి. ఈ మూడు ఊళ్లకూ విడిగా కాగితాలు వేయమని నేను అడిగాను. వచ్చే ఉగాదికి పర్లాకిమిడిది వేస్తామన్నారు.