క్రాస్ స్టిచ్‌కి చేత్తో రంగేసిన బట్టా, మామూలు తెల్ల ఐడానా?

క్రాస్ స్టిచ్ అంటే X ఆకారం కుట్లతో బొమ్మ కుట్టడం; ఐడా అంటే కుట్లు లెక్కపెట్టుకోవడానికి వీలుగా వరసగా రంధ్రాలతో నేసిన బట్ట.

ఖర్చు: తెల్ల ఐడా చవక. చేత్తో రంగేసింది ఖరీదు.

దొరకడం: తెల్లది తక్కువైతే మళ్లీ కొనుక్కోవచ్చు. రంగేసిన ముక్కకు అచ్చం జోడీ దొరకడం కష్టం, ప్రతి విడత రంగులో ఎంతో కొంత తేడా వస్తుంది. అందుకే ముందే లెక్క వేసుకోండి. 14 కౌంట్‌లో (అంటే అంగుళానికి 14 కుట్లు) 140 కుట్ల వెడల్పు అంటే 10 అంగుళాలు, రెండు పక్కలా మూడేసి అంగుళాలు వదిలితే 16.

అందం: అసలు తేడా ఇక్కడే. రంగేసిన బట్టలో ఒక మూల ముదురు నీలం, ఇంకో మూల దాదాపు తెలుపు ఉండొచ్చు. ఆకాశం, సముద్రం కుట్టకుండానే వచ్చేస్తాయి! కానీ లేత నీలం దారం అలాంటి నీలం మచ్చ మీద పడిందంటే కుట్టు మాయం. దారాలన్నీ బట్ట మీద పరిచి, పగటి వెలుగులో చూశాకే సూది పట్టండి.

ఉతుకు: తెల్లదాంతో టెన్షన్ లేదు. రంగేసిన దాన్ని మాత్రం తడి తెల్లగుడ్డతో ఒక మూల అద్ది, రంగు దిగుతుందేమో చూడాలి. చన్నీళ్లే వాడాలి.

శ్రమ: కౌంట్ ఒకటే అయితే సమానమే. ముదురు రంగులో రంధ్రాలు కనబడకపోతే ఒళ్లో తెల్లగుడ్డ వేసుకోండి.

బట్టంతా కుట్లతో నిండిపోయే డిజైన్‌కి, మొదటిసారి కుట్టేవాళ్లకి తెల్లదే మేలు. ఖాళీ ఎక్కువున్న డిజైన్‌కి, ముఖ్యంగా ఒకే నల్లదారంతో కుట్టే చెట్టు, పిట్ట లాంటి నీడబొమ్మలకి, నేనైతే రంగేసిన బట్టే తీసుకుంటాను.