న్యూరాలజిస్టు కోసం ఎదురుచూసిన 23 రోజులు: టెలీ మానస్ 14416

మొన్నటి చలికాలంలో నా ఎడమ పిక్క అదరడం మొదలైంది. కన్ను అదిరితే మంచో చెడో చెప్పేవారు ఇంటికొకరు ఉంటారు గానీ, చర్మం కింద పురుగు మెసలినట్టు పిక్క రేయింబవళ్లు అదురుతుంటే ఏమనుకోవాలో నాకు తోచలేదు. మా ఊరి డాక్టరుగారు సుత్తితో మోకాలి మీద తట్టి, మడమల మీదా మునివేళ్ల మీదా నడిపించి, బలం తగ్గలేదని చెప్పారు. అయినా ఒకసారి చూపించుకోవడం మంచిదని న్యూరాలజిస్టుకు చీటీ రాశారు. అపాయింట్‌మెంట్ 23 రోజుల తరువాత దొరికింది.

స్టీఫెన్ హాకింగ్‌కు వచ్చిన మోటార్ న్యూరాన్ వ్యాధే (కండరాలను నడిపే నరాలు పాడై కండ కరిగిపోయే జబ్బు) నాకూ వచ్చిందని ఫోనులో చదివి చదివి నిశ్చయించుకున్నాను. జాకెట్లు కుట్టే టేపుతో రెండు పిక్కలూ కొలిచి, ఆ అంకెలను క్యాలెండరు అంచున రాసుకునేదాన్ని. టేపు కాస్త బిగించి పట్టుకుంటే అర సెంటీమీటరు తగ్గేది, ఆ రాత్రికి ఇక నిద్ర ఉండేది కాదు.

అలాంటి ఒక రాత్రి రెండు గంటలకు 14416కు ఫోను చేశాను. టెలీ మానస్ అనే ఈ మానసిక ఆరోగ్య ఫోను సేవను కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించింది. ఇరవై నాలుగు గంటలూ ఉచితంగా, తెలుగులోనే మాట్లాడవచ్చు. కౌన్సెలరు నా భయాన్ని కొట్టిపారేయలేదు, జబ్బు లేదని హామీ కూడా ఇవ్వలేదు. "కొలుచుకున్నాక ఎంతసేపు నిమ్మళంగా ఉంటున్నారమ్మా?" అని మాత్రం అడిగారు. పావుగంట కూడా ఉండడం లేదని నా నోటితో నేనే చెప్పినప్పుడు, నన్ను కుదురుగా ఉండనివ్వనిది పిక్క కన్నా ఆ టేపేనని అర్థమైంది. కొలవడం రోజుకు ఒకసారికి, తరువాత వారానికి ఒకసారికి తగ్గించమనీ, చీకటి పడ్డాక జబ్బుల గురించి చదవవద్దనీ, టీ తగ్గించమనీ చెప్పారు. నిద్రలేమి, ఆందోళన, కెఫీన్ కూడా కండరాలను అదిరిస్తాయని డాక్టరుగారు ముందే చెప్పి ఉన్నా, అప్పుడు ఆ మాట నా చెవికెక్కలేదు.

ఈ సేవ వైద్య పరీక్షకు బదులు కాదు. కాలు ఈడ్చుకుపోవడం, చేతిలోని వస్తువులు జారిపోవడం, మాట ముద్దగా రావడం, మింగుడు పడకపోవడం, కండ కరిగిపోవడం వంటివి కనిపిస్తే అపాయింట్‌మెంట్ తేదీ దాకా ఆగకుండా డాక్టరును కలవాలి. నాకు అవేవీ లేవు. 23వ రోజున కండరంలో సూది గుచ్చి, కండరాల పనితీరు చూసే ఈఎంజీ పరీక్ష చేసిన న్యూరాలజిస్టు, ఇది హాని చేయని అదురేనని తేల్చారు. ఆ రోజు దాకా నేను తిండీ నిద్రా మానకుండా ఉండగలిగానంటే అది ఆ ఫోను వల్లనేనని మనస్ఫూర్తిగా చెబుతున్నాను.

మీరు ఫోను చేసేటప్పుడు డాక్టరుగారి చీటీ దగ్గర పెట్టుకోండి. ఆయన ఏమన్నారో భయంలో గుర్తుకు రాదు, చూసి చదివి చెబితే మాట త్వరగా అసలు విషయానికి వస్తుంది.