శ్రీశైలం వెళ్తే చెంచుల మ్యూజియానికీ టైం ఉంచుకోండి

శ్రీశైలం అనగానే దర్శనం, డ్యామ్, పాతాళగంగ రోప్‌వే, దారిలో సాక్షి గణపతి. మా ప్లాన్ కూడా అదే. ఊళ్లోనే ఉన్న చెంచులక్ష్మి గిరిజన మ్యూజియంలో అడుగుపెట్టాక మాత్రం డ్యామ్ దగ్గర గడిపే టైం తగ్గించుకున్నాం. పిల్లలతో వెళ్తే గంటన్నర కూడా చాలదు.

రెండంతస్తుల్లో గిరిజన తెగల ఆయుధాలు, వాయిద్యాలు, ఇంటి సామాన్లు ఉన్నాయి. నన్ను కదలనివ్వనివి విల్లంబులు. మనం కారులో దాటొచ్చే నల్లమలే చెంచుల ఇల్లు. పెంటల్లో (చెంచు గూడేల పేరు అది) గుండ్రటి గుడిసెలు, అడవి గడ్డలు, తేనె, వేట మీదే తరతరాలు బతికారు. కొండ అంచు నుంచి తాడుతో కిందికి దిగి, పొగపెట్టి ఈగల్ని తోలి తేనెపట్టు కోస్తారు. పైన తాడు దగ్గర కాపు కాసేది బావమరిది. తోబుట్టువు కాపురం తన చేతిలో ఉంది కాబట్టి తాడు వదలడని నమ్మకం. ఇది చెప్పగానే మా పిల్లలు మళ్లీ వెనక్కెళ్లి అన్నీ మొదట్నుంచి చూశారు.

మల్లన్న చెంచులకు అల్లుడు. అహోబిలం నరసింహస్వామీ అంతే, సంక్రాంతి తర్వాత పార్వేట అనే వేట ఉత్సవానికి పల్లకిలో ఊరూరా బయల్దేరుతాడు. అందుకే ముందు మ్యూజియం చూసి, తర్వాత గుడి ప్రాకారం చుట్టూ నడవండి. గోడ మీది వేట శిల్పాల దగ్గర కాళ్లు వాటంతటవే ఆగుతాయి. ఈ వస్తువుల గురించి చెంచు పిల్లలే గైడ్లుగా నిలబడి చెప్పే రోజు రావాలని గట్టిగా కోరుకుంటున్నాను. వాళ్ల నోట వింటే ఆ విల్లు ఎవరిదో, ఏ పెంటదో కూడా తెలుస్తుంది.

బసకు దేవస్థానం గదులే మేలు, ఆన్‌లైన్‌లో ముందే తీసుకోండి. కార్తీకంలో, శివరాత్రికి దొరకడం కష్టం. మాకు దొరక్క ప్రైవేటు లాడ్జిలో దిగితే తెల్లవారుజామున వేణ్నీళ్లు రాలేదు, అద్దె మాత్రం రెట్టింపు.

తేనె కొనాలంటే రోడ్డు పక్క సీసాల జోలికి పోకుండా గిరిజన సహకార సంస్థ దుకాణంలో తీసుకోండి. 1956 నుంచి గిరిజనుల దగ్గర అటవీ సరుకు కొంటున్న ప్రభుత్వ సంస్థ అది. తిరుగు ప్రయాణం మాత్రం పగలే పెట్టుకోండి, టైగర్ రిజర్వ్ కాబట్టి రాత్రి 9 దాటితే చెక్‌పోస్టులు మూసేస్తారు, మళ్లీ తెరిచేది ఉదయం 6కే.