షాపా, ఇంట్లో గదా, భుజాన బ్యాగా? మన ఊళ్ళో పోర్ట్రెయిట్ ఫోటోగ్రఫీకి ఏది మేలు

విజయనగరంలోనో శ్రీకాకుళంలోనో పోర్ట్రెయిట్ ఫోటోలు తీసి బతుకుదామనుకునే కుర్రాళ్ళు మొదట అడిగేది ఏ కెమెరా కొనాలని. ఈ మధ్య అమ్మాయిలు కూడా అడుగుతున్నారు, మంచిదే. కానీ కెమెరా సంగతి తర్వాత చూడొచ్చు, ఎక్కడ కూర్చుని తీస్తారో ముందు తేల్చుకోండి, ఎందుకంటే నెల తిరిగేసరికి అద్దె అడిగేది కెమెరా కాదు, షాపు ఓనరు. ఉన్న దార్లు మూడు. రోడ్డు మీద షాపు తీసుకోవడం, ఇంట్లో ఒక గదిని స్టూడియో చేసుకోవడం, ఏదీ లేకుండా బ్యాగు భుజాన వేసుకుని పిలిచినచోటికి వెళ్ళడం. పెళ్ళిళ్ళ జోలికి నేను పోవడం లేదు, ఆ లెక్క వేరు, ఆ నిద్ర వేరు.

షాపుతో మొదలుపెడదాం, అందరి కలా అదే కాబట్టి. విజయనగరంలో గంటస్తంభం చుట్టుపక్కల, ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర, శ్రీకాకుళంలో ఏడు రోడ్ల జంక్షన్, డే అండ్ నైట్ జంక్షన్, పాలకొండ రోడ్డు. ఇలాంటి చోట బోర్డు పెడితే మనిషి కంటికి ఆనతాడు, నిజమే. అలాగని జనం ఉన్నచోటల్లా బేరం ఉండదు. పైడితల్లమ్మ సిరిమానోత్సవం రోజు షాపు ముందు ఇసక వేస్తే రాలనంత జనం ఉంటారు, వాళ్ళలో లోపలికొచ్చి ఫోటో దిగేది ఎంతమంది? షాపుకి కావలసింది పని మీద వచ్చే మనిషి. కాలేజీ అడ్మిషన్‌కి ఫోటో కావాలి, బ్యాంకు వాళ్ళు అడిగారు, అప్లికేషన్‌లో ఎక్కించడానికి 50 కేబీ లోపు సాఫ్ట్ కాపీ కావాలి, వీసాకి కావాలి, ఇలాంటివాళ్ళు. మామూలు పాస్‌పోర్ట్ సైజు 35×45 మిల్లీమీటర్లు, అమెరికా వీసాకి రెండంగుళాల చదరం, తెల్ల బ్యాక్‌గ్రౌండు, కళ్ళజోడు తీసెయ్యాలి. ఈ తేడాలు కంఠతా వచ్చినవాడి దగ్గరికే జనం మళ్ళీ వస్తారు. పాస్‌పోర్ట్ కోసం వెళ్తే సేవా కేంద్రంలో వాళ్ళే ఫోటో తీస్తారు, ఆధార్‌కీ అంతే, స్టాఫ్ సెలక్షన్ పరీక్షలకి కూడా ఇప్పుడు దరఖాస్తు చేసేటప్పుడే లైవ్ ఫోటో తీసుకుంటున్నారు. అంటే ఈ చిన్న ఫోటోల బేరం బాగానే తగ్గింది, పూర్తిగా పోలేదు.

ఇక్కడ లెక్క వేసుకోవాలి. అద్దె 9,000, కరెంటు 2,000, ఒక కుర్రాడి జీతం 9,000 అనుకుందాం, మొత్తం 20,000. నెలకి 26 రోజులు తెరిస్తే రోజుకి సుమారు 770 రూపాయలు రావాలి, అదీ ఖర్చులకే, మీకు ఇంకా పైసా మిగల్లేదు. ఒక 4×6 షీటు మీద ఎనిమిది పాస్‌పోర్ట్ ఫోటోలు పడతాయి. సెట్టు 80 రూపాయలకిచ్చి, పేపరూ ఇంకూ పోను 65 మిగిలిందనుకుంటే రోజుకి పన్నెండు సెట్లు కొట్టాలి. ఇవి ఉదాహరణకి వేసిన అంకెలు, మీ వీధి అంకెలు మీరు వేసుకోండి, కానీ వేసుకోకుండా అడ్వాన్సు మాత్రం కట్టకండి. నా మట్టుకి షాపు పెట్టాలా వద్దా అన్నదానికి పరీక్ష ఒకటే: చిన్న ఫోటోలు, ప్రింట్లు, పటాల డబ్బుతోనే అద్దె వెళ్ళిపోవాలి. పోర్ట్రెయిట్ల డబ్బు కూడా కలిపితేగానీ అద్దె తేలకపోతే ఆ షాపు మీకొద్దు.

పటాలంటే గుర్తొచ్చింది, మన వైపు స్టూడియో పనిలో ఎవరూ గొప్పగా చెప్పుకోని భాగం ఇదే, నా దృష్టిలో అసలు పని కూడా ఇదే. పోయినవాళ్ళ ఫోటో పెద్దది చేయించడం. ఒక పెద్దావిడ ప్లాస్టిక్ కవర్లో చుట్టిన ఆధార్ కార్డో, పాత రేషన్ కార్డో తీసి, "బాబూ, మా ఆయనది ఇదొక్కటే ఉంది, పెద్దది చేసి పటం కట్టి ఇత్తావేటి" అని అడుగుతుంది. ఆ ఫోటో గోరంత ఉంటుంది, సగం మీద స్టాంపు ఉంటుంది. ఇప్పుడు ఫోన్లో ఏఐ యాప్ తెరిచి నొక్కితే పది సెకన్లలో నున్నటి మొహం వచ్చేస్తుంది, కానీ అది ఆయన మొహం కాదు. పై పెదవి మీది గాటు పోతుంది, ఒక కన్ను కొంచెం చిన్నది అయితే రెండూ సమానం చేసేస్తుంది, చెంపల మీద ముడతలు తీసేసి అరవై ఏళ్ళ మనిషిని నలభైకి తెస్తుంది. ఇంటికి తీసుకెళ్ళాక కూతురు చూసి "మా నాన్నలా లేడు" అంటుంది, అంతటితో ఆ వీధి మొత్తం మీకు రాదు. యాప్ వాడొద్దని కాదు, వాడాక పాత ఫోటో పక్కన పెట్టుకుని కళ్ళూ, ముక్కు పక్క గీతలూ చేత్తో వెనక్కి తేవాలి. చొక్కా మార్చి కండువా వేయమంటారు, వేయండి. మొహం మాత్రం సరిచేశాక, పెద్దది కొట్టేముందు ఒక చిన్న ప్రింటు తీసి చూపించండి, ఫోన్లో చూపిస్తే అందరూ బాగుందనే అంటారు, కాగితం మీద చూస్తేనే పోలిక తెలుస్తుంది. సంక్రాంతికి మన ఉత్తరాంధ్రలో పెద్దలకి బట్టలు పెట్టుకుంటారు కదా, ఆ పటం ముందే పెట్టాలి కాబట్టి డిసెంబరు నుంచే ఈ పనులు మొదలవుతాయి. బ్యాగు వేసుకుని తిరిగేవాడికి ఈ పని దాదాపు రాదు, షాపు ఉన్నవాడికి అడక్కుండానే వస్తుంది. షాపు పక్షాన నేను చెప్పగలిగే బలమైన మాట ఇదే.

అయితే పోర్ట్రెయిట్‌కి షాపు గది సరిపోతుందా? పది అడుగుల వెడల్పు, పదిహేను అడుగుల లోతు ఉన్న గదికే మంచి అద్దె చెప్తారు. ఫుల్ ఫ్రేమ్, అంటే పెద్ద సెన్సార్ ఉన్న కెమెరా మీద 85 ఎంఎం లెన్సు పెట్టి నిలువెత్తు మనిషిని తీయాలంటే మీకూ ఆ మనిషికీ మధ్యే పదిహేడు అడుగులు కావాలి. గుడ్డ మీద నీడ పడకుండా వెనక నాలుగైదు అడుగులు, మీరు నిలబడ్డానికి రెండడుగులు కలుపుకోండి. గది చాలదు, గోడ బద్దలు కొట్టాలి. అదే 50 ఎంఎం పెడితే పదడుగుల్లో పని అవుతుంది, వెనక జాగా కాస్త తగ్గించుకుంటే ఇరుగ్గా అయినా ఆ గదిలో పడుతుంది. కాబట్టి యూట్యూబ్‌లో ఎవరో చెప్పారని 85 కొనేముందు టేపు తీసుకుని గది కొలవండి. అంతకంటే చిన్న సెన్సార్ ఉండే క్రాప్ సెన్సార్ కెమెరా అయితే 50 ఎంఎం కూడా దాదాపు ఆ 85 లాగే దూరం అడుగుతుంది, అక్కడ 35 చూసుకోండి. నడుము దాకా తీసే ఫోటోలకి ఈ బాధ లేదు.

ఇక రెండో చివర, షాపు లేని పద్ధతి. డబ్బు పెట్టలేనివాళ్ళు అందరూ దీనితోనే మొదలుపెడతారు, అందులో తప్పేమీ లేదు. కొన్ని పనులకి ఇదే మేలు కూడా. మూడు నెలల పసిబిడ్డని ఎండలో ఆటో ఎక్కించి షాపుకి తెమ్మంటే నానమ్మ ఒప్పుకోదు, మీరే వెళ్తే కిటికీ పక్కన మంచం లాగి, బిడ్డ పాలు తాగి పడుకున్నాక హాయిగా తీసుకోవచ్చు. సంక్రాంతికి హైదరాబాదు నుంచి, చెన్నై నుంచి, బెంగళూరు నుంచి అందరూ దిగుతారు. ఏడాదిలో ఆ మూడు రోజులే ఆ ఇంటి మనుషులు ఒకచోట ఉంటారు, వలసలు ఎక్కువున్న శ్రీకాకుళం వైపు ఇది మరీ నిజం. అప్పుడు అరుగు మీద తాతనీ మామ్మనీ కూర్చోబెట్టి వెనక పాతికమందిని నిలబెట్టి తీసే ఫోటో ఏ స్టూడియోలోనూ పట్టదు. ఆ మూడు రోజులకి ముందే బుకింగులు రాసుకుని, ఇంటికి ముప్పావుగంట చొప్పున తిరిగితే బాగా గిట్టుబాటవుతుంది.

బయట తీయడానికి మనకి చోట్లకి కొదవ లేదు. కానీ వెలుగు చూసుకోవాలి. కళింగపట్నం తీరం తూర్పు ముఖం కదా, సముద్రం వెనక పడేలా నిలబెడితే పొద్దున్న సూర్యుడు మనిషి వీపున ఉంటాడు, మొహం నల్లబడుతుంది, వెలుగుని మొహం మీదికి తిప్పే రిఫ్లెక్టరో, ఫ్లాషో లేకపోతే లైట్‌హౌస్ బాగా వస్తుంది, పెళ్ళికూతురు రాదు. సాయంత్రం అదే చోట వెలుగు నేరుగా మొహం మీద పడుతుంది. పొద్దున్నే కావాలంటే జూన్‌లో ఐదున్నర లోపే సూర్యోదయం, అంటే పట్నం నుంచి నాలుగింటికే బయల్దేరాలి, మేకప్ ఎన్నింటికి మొదలెట్టాలో మీరే లెక్కేసుకోండి. శాలిహుండం బౌద్ధ క్షేత్రం కేంద్ర పురావస్తు శాఖ కింద ఉంది, చేతిలో కెమెరాతో తీసుకోవడం వేరు, స్టాండ్లూ లైట్లూ దించడం వేరు, దానికి అనుమతి కావాలి. విజయనగరం కోటలో కాలేజీలు నడుస్తున్నాయి, లోపల తీయాలంటే ముందుగా అడగాలి. ఎవరినీ అడక్కుండా వెళ్ళి వాచ్‌మన్‌తో గొడవపడితే మీ పరువు పోయేది కస్టమర్ ముందే.

ఈ పద్ధతిలో బాధలు కూడా అన్నీ ఇక్కడే. అక్టోబరు తుపాన్ల నెల, 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ రెండూ ఆ నెలలోనే వచ్చాయి. అంత పెద్దవి రాకపోయినా ముసురు పట్టిందంటే వారం బుకింగులు గోవిందా. బట్టలు మార్చుకునే చోటు ఉండదు, ఆడపిల్లల ఫోటోలకి ఇది చిన్న విషయం కాదు, తలుపూ గడియా అద్దమూ ఉన్న గది ఉంటే వాళ్ళ అమ్మ నిశ్చింతగా కూర్చుంటుంది. ఇంకొకటి, షాపు లేనివాడికి రేటు చెప్పడం కష్టం. "చెట్టు కింద నాలుగు ఫోటోలకి అంతా?" అని మొహమ్మీదే అంటారు, మా బామ్మర్ది ఫోన్లో ఇలాగే వస్తాయని కూడా అంటారు. అడ్వాన్సు తీసుకోకుండా తేదీ ఇవ్వకండి, ఇక్కడ మొహమాటం పెట్టుకుంటే పెట్రోలు కూడా రాదు.

మధ్యలో మిగిలింది ఇంటి గది. వీధివైపు గది ఉండి, ఉత్తరం వైపు కిటికీ ఉంటే మీ అదృష్టం, ఏడాదిలో ఎక్కువ భాగం ఎండ లోపలికి పొడుచుకురాకుండా మెత్తటి వెలుగు వస్తుంది, ఒక తెల్ల గుడ్డా ఒక థర్మాకోల్ షీటూ చాలు, మొదటి ఏడాది లైట్లు కొనకపోయినా గడుస్తుంది. మేడ మీద రేకుల గది మాత్రం వద్దు. మే నెలలో అది పెనంలా కాలుతుంది, పౌడరు కారిపోతుంది, పిల్లాడు ఏడుస్తాడు, పైగా పెద్దవాళ్ళు మెట్లు ఎక్కలేరు. అద్దె లేదు కదా అని ఖర్చే లేదనుకోకండి. ఇంటి కరెంటు మీటరు గృహ వినియోగం కింద ఉంటుంది, వ్యాపారం నడిపితే కేటగిరీ మార్పించుకోవాలి, లేకపోతే తనిఖీ వచ్చినప్పుడు టెన్షన్. కార్పొరేషన్ నుంచి ట్రేడ్ లైసెన్సు తీసుకోవాలి. చిన్న వ్యాపారాలకి కేంద్రం ఇచ్చే ఉద్యం రిజిస్ట్రేషన్ ఆన్‌లైన్‌లో ఉచితం, డబ్బులడిగే వాళ్ళ దగ్గర చేయించుకోకండి. సేవల మీద ఏడాది రాబడి 20 లక్షలు దాటేదాకా జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, కాబట్టి దాని గురించి ఇప్పుడే బెంగ వద్దు. కెమెరాకి అప్పు కావాలంటే ముద్ర రుణ పథకంలో శిశు కింద 50 వేలు, కిశోర్ కింద 5 లక్షల దాకా ఉంది. వడ్డీ వ్యాపారి దగ్గరికి వెళ్ళేముందు బ్యాంకుకి వెళ్ళండి, రెండుసార్లు తిప్పినా సరే.

మూడింటికీ పనికొచ్చేవి రెండు. మన తీరంలో తేమ ఎక్కువ, లెన్సు బ్యాగులో వదిలేస్తే వానాకాలం దాటేసరికి లోపల సాలెగూడులా బూజు పడుతుంది. గాలి దూరని డబ్బాలో సిలికా జెల్ వేసి పెట్టండి, డబ్బులుంటే తేమ చేరనివ్వని డ్రై క్యాబినెట్ కొనండి. రెండోది, డబ్బిచ్చి తీయించుకున్న పోర్ట్రెయిట్ మీద, వేరే ఒప్పందం లేకపోతే, 1957 కాపీరైట్ చట్టం ప్రకారం మొదటి హక్కు తీయించుకున్నవాళ్ళదే. మనం తీశాం కదా అని షాపు అద్దాల్లోనో ఇన్‌స్టాలోనో పెట్టేస్తే కుదరదు. బిల్లు మీదే ఒక వాక్యం రాసి సంతకం పెట్టించుకోండి, ఆడపిల్లల ఫోటో అయితే సంతకం ఉన్నా మరోసారి నోటితో అడగండి.

మరి ఏది మేలు? ఊరిని బట్టి నా మాట మారుతుంది. విజయనగరానికి విశాఖ మరీ దగ్గర. డబ్బు పెట్టి బేబీ షూటో మెటర్నిటీ షూటో చేయించుకునేవాళ్ళు కారెక్కి అక్కడికే పోతారు, వాళ్ళని నమ్ముకుని ఇక్కడ ఏసీ స్టూడియో కట్టడం నాకు నచ్చదు. ఇక్కడైతే ఇంటి గదితో మొదలుపెట్టి, పండగలకి ఇళ్ళకి వెళ్ళడం కలుపుకోమంటాను. శ్రీకాకుళం నుంచి విశాఖ వంద కిలోమీటర్ల పైమాటే. ఆమదాలవలస, నరసన్నపేట, టెక్కలి వాళ్ళు పని మీద పట్నానికే దిగుతారు, చిన్న ఫోటోల బేరం, పటాల బేరం రెండూ ఉంటాయి, అక్కడ బస్సు దిగి నడిచొచ్చే దూరంలో షాపు దొరికితే ఆలోచించవచ్చు, అది కూడా పైన చెప్పిన రోజుకి పన్నెండు సెట్ల పరీక్ష నెగ్గితేనే. చేతిలో లక్ష కూడా లేనివాళ్ళు ఏ ఊళ్ళో ఉన్నా బ్యాగుతోనే మొదలెట్టండి, కానీ ప్రింటర్ ఒకటి ఇంట్లో పెట్టుకోండి. పెన్‌డ్రైవ్‌లో ఫోటోలిచ్చి ఊరుకున్నవాడికి పటం డబ్బు రాదు. మొదలుపెట్టే నెల అడిగితే నవంబరు అంటాను, సంక్రాంతి బుకింగులకి రెండు నెలలు చేతిలో ఉంటాయి. ఆషాఢంలో మాత్రం కొత్త బోర్డు కట్టకండి, ముహూర్తం పట్టింపు మీకు లేకపోయినా కస్టమర్‌కి ఉంటుంది.