చార్ల్‌స్టన్ గడ్డి బుట్టలు: ఎక్కడ చూడాలి, ఎక్కడ కొనాలి

షార్లెట్ నుంచి సౌత్ కరోలైనా తీరంలోని చార్ల్‌స్టన్‌కి కారులో మూడున్నర గంటలు పడుతుంది. చార్ల్‌స్టన్ వెళ్లే మనవాళ్లు ఎక్కువగా బీచ్, పాత బంగళాలు చూసి వచ్చేస్తారు. మేం స్వీట్‌గ్రాస్ అనే గడ్డితో అల్లే బుట్టల కోసమే వెళ్లాం. ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవాళ్ల వారసులు, గల్లా జనం, తరతరాలుగా నిలబెట్టుకున్న పని ఇది.

ముందు గిబ్స్ మ్యూజియం చూడండి. అమెరికాలో పెద్ద గౌరవంగా చూసే మెకార్థర్ ఫెలోషిప్‌ని 2008లో అందుకున్న బుట్టల కళాకారిణి మేరీ జాక్సన్ పని అక్కడ ఉంది. కుట్టు పాతదే, ఆకారాలు మాత్రం పూర్తిగా ఆవిడవి. అది చూశాక మామూలు బుట్టలో కూడా కుట్టు ఎంత దగ్గరగా పడిందో కంటికి ఆనడం మొదలవుతుంది.

సిటీ మార్కెట్‌లో అల్లేవాళ్లు ఎదురుగానే కూర్చుని పని చేస్తుంటారు, కానీ ఆ రద్దీలో మాట్లాడటం కుదరదు. నా ఓటు వంతెన అవతలి పక్క ఊరు మౌంట్ ప్లెజెంట్‌లో 17వ నంబర్ హైవే పక్కనున్న చెక్క స్టాళ్లకే. అక్కడ ఒక పెద్దావిడ అన్నీ చేత్తో పట్టుకుని చూపించారు. లేతరంగుది స్వీట్‌గ్రాస్, గోధుమరంగు చారలు పైన్ ఆకులు, గట్టిదనానికి బుల్‌రష్ అనే చిత్తడి నేలల తుంగ, కుట్టడానికి పామెటో అనే తాటిజాతి చెట్టు ఆకు చీలికలు. రంధ్రం చేసే పనిముట్టు అరగదీసిన చెంచా కాడ! పక్కనే వెడల్పాటి ఫానర్ బుట్ట ఉంది. వరి తోటల కాలంలో దాంతోనే బియ్యం చెరిగేవారు. గుండ్రంగా ఉందన్న మాటే గానీ అచ్చం మన చేటే.

చిన్న బుట్టలకే పదుల డాలర్లు, పెద్దవి వందలు, వేలు. దయచేసి బేరం ఆడకండి. ఈ గడ్డి ఇసుక దిబ్బల దగ్గర, ఉప్పునీటి చిత్తడి అంచుల్లో దానంతటదే పెరుగుతుంది. ఆ తీరమంతా ఇప్పుడు గేట్లు పెట్టిన రిసార్టులు, కాలనీలు. పక్క రాష్ట్రం జార్జియా దాకా, ఫ్లోరిడా దాకా పోయి పీక్కొస్తున్నవాళ్లున్నారు. రోడ్డు వెడల్పు, కొత్త కట్టడాల వల్ల స్టాళ్లకూ చోటు తగ్గిపోతోంది. నాకు చాలా బాధనిపించింది.

బస మౌంట్ ప్లెజెంట్‌లోనే పెట్టుకోండి. డౌన్‌టౌన్‌లో మేం దిగిన హోటల్ గది బాగుంది కానీ పార్కింగ్‌కి విడిగా బాగా గుంజారు. రావెనెల్ బ్రిడ్జి కింద వాటర్‌ఫ్రంట్ పార్కులో బుట్టల చరిత్ర చెప్పే పెవిలియన్ ఉంది, పిల్లలకు ఆడుకునే చోటూ ఉంది. శాకాహారులు రెడ్ రైస్ (టొమాటోతో వండే ఇక్కడి అన్నం) కనపడగానే ఆర్డర్ ఇవ్వొద్దు, అందులో తరచూ సాసేజ్ గానీ బేకన్ గానీ వేస్తారు.