గుండు, అరవోడు

మా తిరుపతి, చిత్తూరు పిలకాయలు (పిల్లలు) చదువుకనో ఉద్యోగానికనో బయటూరు పోతే ఈ రెండు పేర్లలో ఒకటి తగులుకుంటుంది.

‘గుండు’ కంటితో చూసి పెట్టేది. ఎండకు తాళలేక గీయించుకున్నోణ్ణి కూడా ‘కొండకు పోయొచ్చినావా?’ అనే అడుగుతారు. తలకు గంధం ఉందా లేదా అని కూడా చూడరు. పోనీలే, రెండు నెలల్లో జుట్టొస్తుంది, పేరు పోతుంది.

‘అరవోడు’ చెవితో విని పెట్టేది. హాస్టల్లో మొదటి రాత్రి ‘పిలకాయలంతా తినేసినారా?’ అన్నాను. పక్క మంచం అబ్బాయి ‘నువ్వు తమిళోడివా?’ అన్నాడు. నాలుగేళ్లూ అదే పేరు. ‘పిలకాయలు’ మా అమ్మ నోటి మాట, నెల్లూరోళ్లూ అంటారు. మా ఉమ్మడి చిత్తూరు జిల్లా ఏర్పడింది 1911లో, అందులో చాలా భాగం అంతకుముందు ఉత్తర ఆర్కాటు జిల్లాది. 1960లో మా జిల్లాలోని తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికి (ఇప్పటి తమిళనాడుకు) పోయింది. గీతలు అటూ ఇటూ జరిగినా, రెండు భాషలూ ఒకే సంతలో బేరమాడుకుంటూనే ఉన్నాయి. అరవం మాటలు కలిసినంత మాత్రాన మాది తెలుగు కాకుండా పోతుందా?

గుండుకు నాకు కోపం రాదు. రెండోది మాత్రం ఇప్పటికీ నొప్పే. అది పోవాలంటే నేను అమ్మతో మాట్లాడే మాట మార్చుకోవాలి.